షుగర్ పడిపోతే పసిగట్టే కుక్క: ఆ ముక్కు వెనక ఉన్న పెంపకం కథ

షుగర్ పెరిగితే ప్రమాదమని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఒక్కసారిగా పడిపోతే అంతకంటే తొందరగా ప్రాణం మీదికి వస్తుందన్న సంగతి మాత్రం చాలామందికి పట్టదు. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే డాక్టర్లు హైపోగ్లైసీమియా అంటారు. మన వాడుకలో 'షుగర్ డౌన్ అయింది' అంటాం. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. 54 కంటే కిందికి పోతే మనిషి తికమకపడతాడు, మాట తడబడుతుంది. ఇంకా తగ్గితే స్పృహ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు.

చెమట, వణుకు లాంటి లక్షణాలు ఇబ్బందే అయినా నిజానికి అవి మేలు చేస్తాయి. వెంటనే చక్కెర నోట్లో వేసుకోమని శరీరం చేసే హెచ్చరిక అది. కానీ ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవారిలో, ముఖ్యంగా టైప్ 1 డయాబెటిస్ ఉన్నవారిలో కొందరికి ఈ హెచ్చరిక రావడం మానేస్తుంది. షుగర్ పడిపోతున్నా వారికి ఏమీ తెలియదు. నిద్రలో ఉంటే మరీ ప్రమాదం. ఇలాంటివారి కోసమే కొన్ని దేశాల్లో కుక్కలకు శిక్షణ ఇస్తున్నారు. షుగర్ తగ్గగానే కుక్క పసిగట్టి, మనిషిని లేపుతుంది.

వినడానికి అద్భుతంలా ఉంటుంది. కానీ ఇందులో మాయ లేదు. వాసన పట్టే శక్తి కుక్కకు పుట్టుకతోనే వస్తుంది. ఆ శక్తిని ఒక రోగి ప్రాణానికి పూచీగా మార్చేది మాత్రం పెంపకం. ఆ పెంపకం ఎలా సాగుతుంది, ఎన్నాళ్లు పడుతుంది, ఎంతవరకు నమ్మవచ్చు అన్నది చూద్దాం.

ఎన్ని రకాల కుక్కలు?

'మెడికల్ సర్వీస్ డాగ్' అనగానే అన్నీ ఒకే పని చేస్తాయనుకోవద్దు. షుగర్ తగ్గినా పెరిగినా హెచ్చరించేవి ఒక రకం. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి తోడుండేవి ఇంకో రకం. ఫిట్స్ వచ్చినప్పుడు ఇవి మొరిగి ఇంట్లోవాళ్లను పిలుస్తాయి, అలారం బటన్ నొక్కుతాయి, మనిషి తేరుకునేదాకా పక్కనే పడుకుంటాయి. లేచి నిలబడగానే రక్తపోటు, గుండె వేగం అదుపు తప్పి పడిపోయేవారిని ముందే హెచ్చరించేవి కొన్ని. వేరుశనగ లాంటి గింజల అలర్జీ ప్రాణాంతకంగా ఉన్నవారి కోసం ఆ వాసన పట్టేవి మరికొన్ని.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ల్యాబులో నమూనాలు వాసన చూసి జబ్బును గుర్తించే కుక్కలు వేరు. అవి రోగి ఇంట్లో ఉండవు. మనం మాట్లాడుకుంటున్నది రోగితోపాటు ఇరవై నాలుగు గంటలూ బతికే కుక్క గురించి. బస్సులో, ఆఫీసులో, హాస్పిటల్‌లో, పడకగదిలో ఎక్కడున్నా అది పని మీద ఉన్నట్టే. కాబట్టి దానికి ముక్కు ఒక్కటే ఉంటే చాలదు, నడవడిక కూడా కావాలి.

ముక్కులో ఏముంది?

మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 నుంచి 60 లక్షలు ఉంటాయి. కుక్క జాతిని బట్టి దాని ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయి. కుక్క గాలి వదిలేటప్పుడు ముక్కు పక్కనున్న చీలికల గుండా వదులుతుంది. అందువల్ల ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. కుక్క దాన్ని మళ్లీ మళ్లీ పీల్చుకోగలదు.

షుగర్ పడిపోయినప్పుడు శరీరం నుంచి ఏ వాసన వస్తుందన్న ప్రశ్నకు 2016లో బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఒక జవాబు ఇచ్చారు. టైప్ 1 డయాబెటిస్ ఉన్న ఎనిమిది మంది మహిళల షుగర్‌ను వైద్యుల పర్యవేక్షణలో జాగ్రత్తగా తగ్గించి, వారి ఊపిరిని పరీక్షించారు. ఐసోప్రీన్ అనే రసాయనం బాగా పెరిగినట్టు తేలింది. కొందరిలో అది దాదాపు రెట్టింపయింది. మనకు ఆ వాసన తెలియదు. కుక్కలు పట్టేది దీన్నే కావచ్చని, దీనితోపాటు వేరే రసాయనాలు కూడా ఉండవచ్చని శాస్త్రవేత్తల అభిప్రాయం.

మూర్ఛ విషయంలోనూ ఇలాంటి పరిశోధన జరిగింది. 2019లో ఫ్రాన్స్ పరిశోధకులు ఐదు కుక్కలకు ఫిట్స్ సమయంలో సేకరించిన ఊపిరి, చెమట నమూనాలు చూపించారు. మూడు కుక్కలు ప్రతిసారీ సరైన నమూనానే పట్టుకున్నాయి. మిగతా రెండు మూడింట రెండు వంతుల సార్లు పట్టాయి. అయితే అది నమూనాల మీద చేసిన పరీక్ష. ఫిట్స్ రాబోతున్నాయని ఇంట్లో ముందుగా చెప్పడం అంతకంటే కష్టమైన పని.

ఎనిమిది వారాల పిల్ల ఎక్కడికి వెళ్తుంది?

ఇలాంటి కుక్కలను తయారుచేసే పేరున్న సంస్థల్లో బ్రిటన్‌లోని 'మెడికల్ డిటెక్షన్ డాగ్స్' ఒకటి. దీన్ని 2008లో క్లేర్ గెస్ట్ అనే శాస్త్రవేత్త, జాన్ చర్చ్ అనే ఎముకల సర్జన్ కలిసి స్థాపించారు. అమెరికాలో 1975లో కాలిఫోర్నియాలో మొదలైన 'కెనైన్ కంపానియన్స్' వికలాంగులకు తోడుండే కుక్కలను ఉచితంగా ఇస్తోంది. పద్ధతుల్లో చిన్న చిన్న తేడాలున్నా, ఇలాంటి సంస్థల్లో పని మొదలయ్యేది శిక్షణ కేంద్రంలో కాదు. మామూలు కుటుంబంలో.

కుక్కపిల్లకు సుమారు ఎనిమిది వారాలు రాగానే దాన్ని ఒక వాలంటీర్ ఇంటికి పంపిస్తారు. అక్కడ అది ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా పెరుగుతుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బ్రిటన్‌లో అంధులకు దారి చూపే గైడ్ డాగ్స్ సంస్థ 1956లోనే పిల్లలను ఇలా ఇళ్లలో పెంచే పథకం మొదలుపెట్టింది.

కేంద్రంలోనే ఎందుకు పెంచరు? దీనికి కారణం కుక్క ఎదిగే తీరులోనే ఉంది. పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని భయం లేకుండా స్వీకరిస్తుంది. ఆ వయసులో మనుషులను, శబ్దాలను, వాహనాలను చూసి అలవాటు పడితే జీవితాంతం అవి మామూలు విషయాలే. ఆ కాలం దాటాక మొదటిసారి చూసేదాన్ని అది అనుమానంగా చూస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు ఊరికే అనలేదు. మూసి ఉన్న గదిలో పెరిగిన కుక్క ఎంత తెలివైనదైనా, రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ వినగానే వణికిపోతే రోగి సంగతి అది ఏం చూస్తుంది?

ఆ ఏడాది ఇంట్లో ఏం నేర్పిస్తారు?

మొదటి పాఠాలు చాలా చిన్నవి. పేరు పిలిస్తే చూడడం. కూర్చో, పడుకో, ఆగు, రా అంటే వినడం. చెప్పిన చోటే, చెప్పినప్పుడే మలమూత్రాలు పోవడం. మనుషుల మీదికి ఎగరకపోవడం. తాడు లాగకుండా పక్కనే నడవడం. నేల మీద బ్రెడ్ ముక్క పడి ఉన్నా 'వదిలెయ్' అంటే వదిలెయ్యడం. ఈ చివరిది వినడానికి చిన్నదే, కానీ ప్రాణరక్షణకు సంబంధించింది. రోగి చేతిలోంచి మాత్ర జారి పడితే కుక్క దాన్ని మింగకూడదు కదా.

ఆ తర్వాత బయటి ప్రపంచం. టీకాలు పూర్తికాని పిల్లను కింద దించకుండా చేతుల్లోనో సంచిలోనో పెట్టుకుని తిప్పుతారు. టీకాలు అయ్యాక షాపులు, బస్సులు, రైళ్లు, లిఫ్టులు, స్కూలు గేట్లు, హాస్పిటల్ వరండాలు చూపిస్తారు. చక్రాల కుర్చీలు, గొడుగులు, ఏడ్చే పిల్లలు, అంబులెన్స్ సైరన్లు అన్నీ దానికి పరిచయం కావాలి. అయితే ఒక్కసారిగా మీద పడేయకూడదు. ఐదు నిమిషాలు చూపించి, అది నిబ్బరంగా ఉంటే మెచ్చుకుని, ఇంటికి తెచ్చేస్తారు. భయపడితే దూరం జరిపి, మరో రోజు ప్రయత్నిస్తారు.

అన్నిటికంటే కష్టమైన పాఠం ఏమీ చేయకుండా ఉండడం. టేబుల్ కింద గంటసేపు కదలకుండా, మొరగకుండా పడుకోవడం. ఆడుకోవాలని ఉరకలేసే వయసులో ఇది తేలిక కాదు. కొట్టడం, అరవడం ఇక్కడ ఉండవు. సరిగా చేస్తే వెంటనే తిండి ముక్కో ఆటో ఇస్తారు. తప్పు చేస్తే బహుమానం దక్కదు, అంతే. దెబ్బకు భయపడిన కుక్క తనంతట తానుగా ముందుకు వచ్చి ఏదీ చెప్పదు. షుగర్ తగ్గిందని అడగకుండానే చెప్పాల్సిన కుక్కకు ఆ చొరవ చచ్చిపోతే ఇంక పనికిరాదు.

ఇక్కడ పెంచే కుటుంబం గురించి ఒక మాట చెప్పుకోవాలి. వారికి జీతం ఉండదు. వారం వారం క్లాసులకు వెళ్లాలి, రాత్రిళ్లు లేవాలి, కొరికిన చెప్పులు భరించాలి. చివరికి, కుటుంబంలో ఒకటిగా కలిసిపోయిన కుక్కను తాడుతో సహా అప్పగించి రావాలి. ఆ రోజు వస్తుందని మొదటి రోజే తెలిసి పెంచుతారు. అమెరికాలో జైళ్లలో కూడా ఇలా పెంచుతున్నారు. న్యూయార్క్‌లో 1997లో మొదలైన 'పప్పీస్ బిహైండ్ బార్స్' కార్యక్రమంలో ఖైదీలే కుక్కపిల్లలను పెంచి, శిక్షణ ఇచ్చి పంపుతారు. వాటిలో చాలా కుక్కలు యుద్ధాల్లో గాయపడిన మాజీ సైనికుల దగ్గరికి చేరాయి.

వాసన పాఠం

కుక్క ఎదిగి, నడవడిక కుదిరాక అసలు శిక్షణ మొదలవుతుంది. సాధారణంగా ఇది నెలల తరబడి సాగుతుంది. ముందుగా నమూనాలు కావాలి. రోగి తన షుగర్ తగ్గినప్పుడు దూది మీదికి ఊపిరి వదులుతాడు, లేదా చెమట తుడుస్తాడు. దాన్ని గాలి చొరబడని సంచిలో మూసి ఫ్రీజర్‌లో పెడతారు. షుగర్ మామూలుగా ఉన్నప్పుడు కూడా అలాగే తీస్తారు. ఈ రెండోది చాలా ముఖ్యం. లేకపోతే కుక్క నేర్చుకునేది 'ఈ మనిషి వాసన' అవుతుంది కానీ 'ఈ మనిషికి షుగర్ తగ్గిన వాసన' కాదు.

మొదట ఆ వాసన వచ్చినప్పుడల్లా తిండి పెడతారు. తర్వాత నాలుగైదు డబ్బాలు వరుసగా పెట్టి, ఒక్కదాంట్లోనే అసలు నమూనా ఉంచుతారు. సరైన డబ్బా దగ్గర ఆగితే బహుమానం. తర్వాత వాసన పట్టగానే ఒక సైగ చేయడం నేర్పుతారు. కాలితో తట్టడం, ముక్కుతో పొడవడం, ఒళ్లో తల పెట్టడం, షుగర్ పరీక్ష కిట్ నోట కరుచుకుని తేవడం ఇలా ఏదో ఒకటి. చివరికి నమూనాను మనిషి జేబులో దాచి, కుక్క ఆడుకుంటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పరీక్షిస్తారు. నిద్రలోంచి లేచి కూడా చెప్పగలిగితేనే అది పనికొచ్చినట్టు.

ఆ తర్వాత రోగి, కుక్క కలిసి శిక్షణ పొందుతారు. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఎక్కువగా మనిషే. కుక్క హెచ్చరించగానే గ్లూకోమీటర్‌తో పరీక్షించాలి. నిజంగా తగ్గిందని తేలితేనే కుక్కకు బహుమానం. చూడకుండా ప్రతిసారీ ముక్క పెడితే, తిండి కావాలన్నప్పుడల్లా కాలితో తట్టడం అది నేర్చుకుంటుంది. హెచ్చరించినప్పుడు పట్టించుకోకపోతే, ఇంక చెప్పి లాభం లేదని మానేస్తుంది. ఈ లెక్క తప్పితే ఏడాదిన్నర పెంపకం కొన్ని వారాల్లో కరిగిపోతుంది. అందుకే మంచి సంస్థలు కుక్కను అప్పగించి చేతులు దులుపుకోవు. ఏళ్ల తరబడి వచ్చి చూస్తూ ఉంటాయి.

అన్ని పిల్లలూ పాసవుతాయా?

కావు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, కాకర్ స్పానియల్ లాంటి జాతుల్లో ఏరి ఎంచుకున్నా, సర్వీస్ డాగ్ శిక్షణలో సుమారు సగం పిల్లలు చివరిదాకా రావు. ఒకదానికి తుంటి కీలు బలహీనం. ఇంకోదానికి ట్రాఫిక్ అంటే భయం. మరోదానికి పావురం కనిపిస్తే ప్రపంచం గుర్తుండదు. వాటిని శిక్షించరు. వేరే పనికి పంపుతారు, లేదా మంచి ఇంటికి పెంపకానికి ఇస్తారు. నిజానికి 'ఈ కుక్క పనికిరాదు' అని చెప్పగలిగే ధైర్యమే మంచి సంస్థకు గుర్తు.

ఎంతవరకు నమ్మవచ్చు?

ఇది సూటిగా చెప్పుకోవాల్సిన విషయం. 2019లో బ్రిటన్ పరిశోధకులు మెడికల్ డిటెక్షన్ డాగ్స్ శిక్షణ ఇచ్చిన 27 కుక్కల రికార్డులు చూశారు. షుగర్ తగ్గిన సందర్భాల్లో మధ్యస్థంగా 83 శాతం వరకు అవి హెచ్చరించాయి. షుగర్ పెరిగిన సందర్భాల్లో 67 శాతం. అయితే కుక్కకూ కుక్కకూ తేడా చాలా ఉంది. ఆ పరిశోధకుల్లో సంస్థవారు కూడా ఉన్నారన్నది గుర్తుంచుకోవాలి.

దానికి రెండేళ్ల ముందు, 2017లో అమెరికాలో ఎనిమిది మంది రోగుల మీద చేసిన చిన్న అధ్యయనం వేరే మాట చెప్పింది. శరీరానికి అతికించిన గ్లూకోజ్ సెన్సర్‌తో పోల్చి చూస్తే, షుగర్ తగ్గిన సందర్భాల్లో కుక్కలు పట్టినవి 36 శాతమే. చాలాసార్లు కుక్క కంటే సెన్సరే ముందు చెప్పింది.

రెండూ కలిపి చూస్తే అర్థమయ్యేది ఒకటే. బాగా పెరిగి, బాగా శిక్షణ పొంది, యజమాని క్రమం తప్పకుండా సాధన చేయిస్తున్న కుక్క నిజంగా ఆదుకుంటుంది. అలా కానిది ఆదుకోకపోవచ్చు. ఏ కుక్కా గ్లూకోమీటర్‌కు, ఇన్సులిన్‌కు, డాక్టర్ సలహాకు బదులు కాదు. కుక్కకూ జ్వరం వస్తుంది, అలసట వస్తుంది, వయసు మీద పడుతుంది. అది తోడు మాత్రమే.

ఇక్కడే మోసాలకు చోటు దొరుకుతోంది. 2018లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర అటార్నీ జనరల్ ఇలాంటి కుక్కలను అమ్మే ఒక సంస్థ మీద దావా వేశారు. వేలాది డాలర్లు తీసుకుని, ప్రాణాలు కాపాడతాయని చెప్పి, సరైన శిక్షణ లేని కుక్కపిల్లలను అంటగట్టారన్నది ఆరోపణ. కొన్నవారిలో పిల్లలకు టైప్ 1 డయాబెటిస్ ఉన్న తల్లిదండ్రులు ఉన్నారు. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు ఇది గమనించాలి. ఆన్‌లైన్‌లో డబ్బు కడితే వచ్చే 'సర్వీస్ డాగ్ సర్టిఫికెట్'కు అక్కడి వికలాంగుల చట్టం కింద ఏ విలువా లేదు. కుక్క ఏ పని నేర్చుకుంది అన్నదే ఆ చట్టం చూస్తుంది.

మన ఇళ్లలో వచ్చే ప్రశ్న

ముస్లిం కుటుంబాల్లో ఈ విషయం రాగానే 'ఇంట్లో కుక్కా?' అన్న ప్రశ్న వస్తుంది. వేటకు, కాపలాకు, పశువుల రక్షణకు కుక్కను ఉంచుకోవడాన్ని హదీసులు మినహాయించాయి. శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చిన దాన్ని తినవచ్చని ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా నాలుగో ఆయతులో ఉంది. కుక్క లాలాజలం, శుభ్రత విషయంలో ఫిఖ్హ్ పండితుల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. 2008లో బ్రిటన్‌లోని లెస్టర్ నగరంలో ఒక అంధ విద్యార్థి తన గైడ్ డాగ్‌తో మసీదుకు రావడానికి అనుమతి దొరికింది. నమాజు చేసే హాలులోకి కాకుండా, కుక్క కోసం వేరే చోటు ఏర్పాటు చేశారు. నాకకుండా కాలితో తట్టడమో కిట్ తేవడమో సైగగా ఎంచుకోవచ్చన్నది కూడా గుర్తుంచుకోదగ్గది. అవసరం ఉన్నవారు తమ డాక్టర్‌నూ, తాము నమ్మే ఆలిమ్‌నూ అడిగి తేల్చుకోవడం మంచిది.

మన దగ్గర పరిస్థితి

వాసన పాఠం మన దేశానికి కొత్త కాదు. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసుల జాగిలాలు పేలుడు పదార్థాలు పసిగట్టడం ఇలాగే నేర్చుకుంటాయి. 2021లో భారత సైన్యం కోవిడ్‌ను వాసనతో గుర్తించేలా శిక్షణ ఇచ్చిన కుక్కలను ఢిల్లీలో చూపించింది. వాటిలో తమిళనాడుకు చెందిన చిప్పిపరై జాతి కుక్క కూడా ఉంది. కాబట్టి ముక్కుకు కొదవ లేదు. కష్టమైనది మిగతా సగం. ఏడాదిన్నర పాటు జీతం లేకుండా పెంచే ఇళ్లు, కుక్కను లోపలికి రానిచ్చే బస్సులు, ఆఫీసులు, హాస్పిటళ్లు ఉంటేనే ఈ పని నిలబడుతుంది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. వారిలో చాలామందికి ఇలాంటి కుక్క దొరకదు, అవసరం కూడా ఉండకపోవచ్చు. కానీ ఆ కుక్క చేసే పనిని ఇంట్లోవాళ్లు కొంతవరకు చేయగలరు. ఇన్సులిన్ తీసుకునే మనిషి ఉన్నట్టుండి చిరాకు పడుతున్నా, చెమటలు పట్టినా, అర్థం లేకుండా మాట్లాడుతున్నా వెంటనే షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే, స్పృహలో ఉంటే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

విదేశాలకు వెళ్లినప్పుడు జాకెట్ వేసుకున్న ఇలాంటి కుక్క ఎదురైతే ముట్టుకోవద్దు, పిలవద్దు, తిండి పెట్టవద్దు. పిల్లలకూ ముందే చెప్పి ఉంచండి. మీరు దాన్ని ముద్దు చేసే ఆ అర నిమిషంలోనే దాని మనిషికి షుగర్ పడిపోవచ్చు.